పదకొండు రోజుల అమావాస్య

దగ్గు ఆపుకోవడానికి సారయ్య కండువా నోట్లో కుక్కుకున్నాడు. అయినా ఆగలేదు. అరుగు మీద పరిచిన షత్రంజీ మీద తుంపర పడుతుందేమోనని వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దగ్గాడు. అది తీరేదాకా సావుకారి వెంకట్రాజం ఓపికగా కూర్చున్నాడు. ఆగడం ఆయనకు బాగా అలవాటు. దగ్గు తగ్గాక షత్రంజీని కాలితో ఇవతలికి జరిపి చెప్పాడు.

"ఈ వారం సంది షత్రంజీకి నాలుగు రూపాయలే, సారన్నా. బొంబాయోడు రేటు తగ్గించిండు. నేనేం జేత్త చెప్పు."

"ఐదే చాల్తలేదు గద, రాజం."

"ఇష్టముంటే నెయ్యి. లేకుంటే నూలు వాపస్ తెచ్చియ్యి. బలవంతమేమున్నది."

ఆ చివరి మాట విన్నప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఇప్పుడు చెప్పేటప్పుడు కూడా మండుతోంది. కాబట్టి నా గొంతు కాస్త గట్టిగా వినిపిస్తే కాలేజీ పిల్లలూ, కార్మిక సోదరులూ, మీరే సర్దుకోవాలి.

అది డెబ్బై తొమ్మిది. వరంగల్ కొత్తవాడలో ఏ సందులోకి తిరిగినా షత్రంజీ మగ్గాలే. షత్రంజీ అంటే నేల మీద పరుచుకునే మందపాటి నూలు తివాచీ. వెడల్పు మగ్గం కాబట్టి ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. మొగుడూ పెళ్లామూ కూర్చుంటారు. ఇనుప పళ్ల పంజాతో నూలును కిందికి కొడుతూ బిగిస్తారు. పొద్దున లేస్తే వాడంతా ఆ పంజాల చప్పుడే. నూలు సావుకారిది. మగ్గం, ఇల్లు, నడుము, ఊపిరి మాత్రం నేసేవాళ్లవి. సరుకు బొంబాయి పోయి, అక్కడి నుంచి ఓడెక్కి ఏ దేశమో పోతుందని చెప్పుకునేవాళ్లు.

నా పేరు ఎల్లస్వామి. మరిపెడ పక్కన ఒక పల్లె మాది. మా నాయన పాలేరుగా జీతం చేసి నన్ను చదివించాడు. హనుమకొండలో ఎమ్మే ఎకనామిక్స్ చదువుతూ, నెలకు యాభై రూపాయలకు సర్కారు వారి వయోజన విద్య కేంద్రం కొత్తవాడలో నడిపేవాడిని. పద్మశాలి సంఘం గదిలో మధ్యాహ్నం పూట పాఠం. మగవాళ్లు అప్పుడప్పుడు, ఆడవాళ్లు రోజూ వచ్చేవాళ్లు. షత్రంజీ అంచుల నూలుపోగులు ముడులు వేస్తూనే అక్షరాలు నేర్చుకునేవాళ్లు. వాళ్లలో ముందు వరసలో కూర్చునేది రాజక్క. సారయ్య భార్య. నలభై ఐదేళ్లుంటాయి. నన్ను "యాభై రూపాయల సారు" అని పిలిచేది.

సారయ్యను దవాఖానలో చూపించింది నేనే. ఊపిరితిత్తుల్లో నూలు దుమ్ము, దాని మీద క్షయ. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఉంది ఆయన బతుకు. డాక్టరు గోళీలు ఇచ్చి, మూడు నెలలు మగ్గం ఎక్కొద్దు, పడుకోవాలి అన్నాడు. గోళీలు తెచ్చుకున్నాం. మూడు నెలలు ఎక్కడ దొరుకుతాయి? రాజక్కకు ఆ మూడు నెలలే కావాలి. మిగతా లోకంతో ఆమెకు పెద్దగా పేచీ లేదు.

రేటు తగ్గిన మరునాడు నేను బోర్డు మీద రెండు గీతలు గీశాను. సర్కారు పుస్తకంలో లేని పాఠం చెప్పాలని నాకు ఒకటే ఉబలాటం. ధర పెరిగితే సరుకు ఎక్కువ తయారవుతుంది, ధర తగ్గితే తక్కువ తయారవుతుంది, అప్పుడు కొనేవాడు మళ్లీ ధర పెంచక తప్పదు. మా ప్రొఫెసర్ దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అప్పజెప్పాను.

రాజక్క ముడి వేయడం ఆపింది.

"రేటు తగ్గితే తక్కువ నేస్తరా, సారూ?"

"అవునక్కా. గిట్టుబాటు కాదు కాబట్టి."

"ఆ పుస్తకం రాసినాయన ఇంట్ల బువ్వ ఎవలు పెడ్తరు?"

గదంతా నవ్వు. నేను కూడా నవ్వబోయాను గానీ ఆమె నవ్వలేదు.

"మాకు దినాం పది రూపాయలు గావాలె. ఐదున్నప్పుడు రెండు నేసినం. నాలుగాయె. ఇగ రెండున్నర నెయ్యాలె. మూడు రూపాయలు జేస్తే మూడు షత్రంజీలు దాటాలె. తక్కువ నేసుడు యాడిది, సారూ? తక్కువ నేసెటోనికి ఇంట్ల గింజలుండాలె."

ఎమ్మేలో నాకు అరవై మూడు శాతం మార్కులు. అయిదో తరగతి కూడా చదవని మనిషి నా గీతను తలకిందులు చేసింది.

ఆమె చెప్పినట్టే జరిగింది. ఏ సంఘమూ చెప్పకుండానే, ఎవరికి వాళ్లు, వాడంతా ఎక్కువ నేయడం మొదలుపెట్టారు. సారయ్య తెల్లవారక ముందే మగ్గం ఎక్కేవాడు. పిల్లల్ని బడి మాన్పించి నూలు కండెలు చుట్టించారు. చివరికి అమావాస్యను కూడా వదల్లేదు. తాతల నాటి నుంచి అమావాస్య రోజు మగ్గం కదిలించకూడదని కట్టుబాటు. నెలకు ఆ ఒక్కరోజే నడుముకు సెలవు. ఆ నెల ముందుగా పోశయ్య ఇంట్లో పంజా చప్పుడు వినిపించింది. పోశయ్య వాడలో అందరికంటే వేగంగా నేసేవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. ఆయన నేస్తే పక్కింటివాడు ఊరుకుంటాడా? మధ్యాహ్నానికల్లా వాడ వాడంతా మోగింది. సారయ్య దగ్గుతూ నేశాడు, రాజక్క ఆయన వైపు చూడకుండా నేసింది.

సరుకు గుట్టలు గుట్టలుగా వెంకట్రాజం గోదాముకు చేరింది. గోదాము నిండాక ఆయన మళ్లీ అరుగు మీద కూర్చుని, మూడున్నర అన్నాడు. సరుకు ఎక్కువైపోయింది, కొనేవాడు లేడు, నేనేం జేత్త అన్నాడు. మన గొయ్యి మనమే తవ్వుకోవడం అంటే ఇదే. నాకు వెంకట్రాజం మీద ఎంత కోపం వచ్చిందో, మా వాళ్ల మీద కూడా అంత కోపం వచ్చింది. రాత్రింబవళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని తమ రేటు తామే పడగొట్టుకున్నారు. అయితే వాళ్లను తిట్టడానికి నేనెవరిని? నా పాఠం కూడా వాళ్లను ఆపలేదు.

మరునాడు సంఘం గదిలో మీటింగు. పట్టక బయట కూడా నిలబడ్డారు. పోశయ్య ముందు లేచాడు.

"కొట్లాటలెందుకు? వెంకట్రాజం పరాయోడా? మన కులపోడే. పోయి మంచిగ అడుగుదాం."

రాజక్క కూర్చున్న చోటి నుంచే అంది. "మనోడే, కాదన్ననా? పెండ్లికి పిలిస్తే వస్తడు. సావుకు పిలిస్తే వస్తడు. రేటు కాడికొస్తే మాత్రం బొంబాయోడయితడు."

"మరి సమ్మె జేద్దామా?" అన్నాడొక కుర్రవాడు. ఆ మాట మా విద్యార్థుల కరపత్రంలోది. నేనే పంచాను.

"సమ్మె అంటే పోలీసులొస్తరు," అన్నాడు ఒక ముసలాయన. "కేసులయితయి. మనం ఫ్యాక్టరీలున్నమా, యూనియనున్నదా?"

వాదన గంటసేపు నడిచింది. ఒకడు భీవండి పోదామన్నాడు, మిల్లులో పని దొరుకుతుందని. భీవండి పోయినోళ్లు ఎట్లున్నరో తెల్వదా అని మరొకడు మీద పడ్డాడు. ఒకరి మాట ఒకరు వినలేదు. నేను రెండుసార్లు లేచి ఉపన్యాసం మొదలుపెట్టి రెండుసార్లూ కూర్చున్నాను. అందరూ అలసిపోయాక రాజక్క లేచింది.

"వెంకట్రాజం ఎందుకు గెలుస్తాండు? ఆయన ఆగుతడు. ఆయన కడుపు నిండున్నది, గోదాం నిండున్నది. ఆగుతడు. మనం ఆగలేం. ఆగలేకనే అమాస గూడ తిన్నం. మనకు ఆగుడు నేర్పింది ఆ ఒక్క దినమే, దాన్ని మన చేతులతోనే పాడుజేసుకున్నం. ఎల్లుండి అమాస. మగ్గం దిగుదాం. ఐదు రూపాయలయ్యేదాక మల్ల ఎక్కద్దు."

"అమాస ఒక్క దినమే ఉంటది గద, రాజక్కా," అన్నాడు పోశయ్య.

"అది ఉంటదో, మనం ఉంచుతమో చూద్దాం."

అర్థశాస్త్రంలో నేను చదివిన లావుపాటి పుస్తకాలన్నీ ఆ నాలుగు మాటల దగ్గర తేలిపోయాయి. ఆగగలిగినవాడిదే బజారు. ఒక్కరు ఆగితే చస్తారు, అందరూ ఆగితే అవతలివాడు కదులుతాడు.

కార్తీక అమావాస్య నాడు కొత్తవాడలో ఒక్క పంజా కూడా మోగలేదు. మరునాడూ మోగలేదు. వెంకట్రాజం మనిషిని పంపి ఎందుకు నేయడం లేదని అడిగించాడు. ఏ ఇంటికి పోయినా ఒకటే జవాబు, ఇయ్యాల అమాస. నిన్న గద అమాస అంటే, నిన్న గూడ అమాసే అనేవాళ్లు. పిల్లలకు అదొక ఆటయింది. ఆ రెండు రోజులూ సారయ్య నులక మంచం మీద పడి నిద్రపోయాడు. ఎన్ని ఏళ్ల నిద్ర బాకీ ఉందో, లేపితే గోళీ వేసుకుని మళ్లీ పడుకునేవాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం పంజా చప్పుడు వినిపించింది. పోశయ్య ఇల్లు. క్షణంలో యాభై మంది పోగయ్యారు. మగ్గం మీది పడుగు దారాలు కోసేద్దామని ఒక కుర్రవాడు కత్తెర పట్టుకొచ్చాడు. రాజక్క వాడి చేతిలోంచి కత్తెర లాక్కుని, "నేసినోని పడుగు కోసుడు సావుకారి పని, మనది గాదు" అని ఒక్కతే లోపలికి పోయింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

పోశయ్య తలెత్తలేదు. పంజా ఆపలేదు. రాజక్క పోయి మగ్గం మీద ఆయన పక్కన, భార్య కూర్చునే చోట కూర్చుంది.

"నీ పెండ్లాం యాడికి పోయింది?"

"మిల్లుకు. బియ్యం చెరుగ పోయింది."

రాజక్క లేచి, పొయ్యి మీది కుండ మూత తీసి చూసింది. మళ్లీ మూత పెట్టింది.

"నిన్న ఏం తిన్నరు?"

పోశయ్య పంజా ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. పెద్ద మనిషి, అందరూ చూస్తుండగా ఏడ్చాడు. రాజక్క బయటికొచ్చి గుంపుతో అంది. "ఎవల ఇంట్ల ఎన్ని బియ్యమున్నయో తీస్కరాండ్రి. ఇగ నుంచి సంఘం కాడ ఒక్కటే పొయ్యి. పోశయ్య పిల్లలు ముందుగాల తింటరు, నేను ఆఖర్ల తింట. ఇండ్లల్ల ఏరేరు కుండలుంటే అమాస నిలువది."

ఆ సాయంత్రం నేను హాస్టలుకు పోయి మా వాళ్లతో మాట్లాడాను. మేం ఒకపూట అన్నం మానేసి ఆ బియ్యం కొత్తవాడకు పంపడం మొదలుపెట్టాం. కొందరు గొణిగారు కూడా. విప్లవం మీద గంటలు గంటలు మాట్లాడేవాడొకడు కడుపునొప్పి అని తప్పించుకున్నాడు. అదీ చెప్పాల్సిందే, దాచుకుంటే ఏం లాభం?

ఆరో రోజు వెంకట్రాజం స్వయంగా సంఘం దగ్గరికి వచ్చాడు. పొయ్యి చూశాడు, నవ్వాడు. "వండుకోండ్రి, తినుండ్రి. నా కాడ మూడు నెలల సరుకున్నది. మీ అమాస పున్నమి దాక నడవనియ్యి" అని వెళ్లిపోయాడు.

అప్పుడు గానీ మాకు అసలు తప్పు తెలిసిరాలేదు. మేం ఎగబడి నేసిన సరుకే ఆయనకు ధైర్యం. సారయ్య దగ్గుతూ నేసిన షత్రంజీలు గోదాములో కూర్చుని సారయ్య మీదే పోట్లాడుతున్నాయి. రాజక్క కొంగు దోపుకుని, "జానీ మియా కాడికి పోదాం పా, సారూ" అంది.

జానీ మియా తోపుడుబండి హమాలీ. వెంకట్రాజం గోదాము నుంచి షత్రంజీ బేళ్లను రైలు స్టేషనుకు చేర్చేది ఆయన జట్టు, ఆయనతో కలిపి పన్నెండు మంది. మేం వెళ్లేసరికి ఇంటి ముందు బండి చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. రాజక్క విషయం చెప్పింది. ఆయన చేయి ఆపకుండానే విన్నాడు.

"మీకు అమాస ఉన్నది, రాజక్కా. మాకేమున్నది? బండి కదిలితేనే బువ్వ. పోయినేడు హమాలీ రేటు కోసం మేం గోదాం ముంగట కూసుంటే మీలో ఒక్కరన్న వచ్చిన్రా? రాకపోతే రాకపోయిన్రు. మీ వాడోళ్లే షత్రంజీలు నెత్తిన పెట్టుకొని మమ్ముల దాటుకుంట లోపలేసి పోయిన్రు. యాదికున్నదా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. రాజక్క నన్ను చేత్తో ఆపింది.

"యాదికున్నది, జానీ భాయ్. అండ్ల నేను గూడ ఉన్న. తప్పే. తిట్టు, వింట. తిట్టుడయినంక జర ఆలోచన జెయ్యి."

ఆయన తిట్టలేదు. చక్రం తిప్పి చూసుకున్నాడు. లోపలి నుంచి ఆయన భార్య రహీమాబీ గొంతు వినిపించింది.

"ఎందుకట్ల నిలబెడ్తరు ఆమెను? రంజాన్‌ల నెలంత రోజా ఉంటం గద, ఉపాసం మనకు కొత్తనా? ఇంకో పది దినాలు ఉంటమనుకుందాం. రేపు మన రేటు కాడ ఆమె రాకపోతే నేనే పోయి జుట్టు పట్టుకొని తీసుకొస్త."

రాజక్క నవ్వింది. ఆ పదకొండు రోజుల్లో ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. మరునాటి నుంచి గోదాము ముందు తోపుడుబండ్లన్నీ బోర్లించి ఉన్నాయి. వెంకట్రాజం లారీ మాట్లాడుకున్నాడు గానీ బేళ్లు ఎక్కించే చెయ్యి వరంగల్‌లో దొరకలేదు. బొంబాయి నుంచి టెలిగ్రాములు వచ్చాయని విన్నాం. నాలుగు రూపాయలకు ఎక్కుతారా అని కబురు పంపాడు. ఇయ్యాల అమాస అని కబురు పోయింది.

తొమ్మిదో రోజు సర్కారు దిగింది. జీపులో వచ్చాడు కిషన్ రావు, అభివృద్ధి అధికారి. తెల్లటి సఫారీ, చేతిలో ఫైలు. చేనేతకు అప్పిచ్చే విదేశీ సంస్థ వాళ్లు ఎల్లుండి కొత్తవాడ చూడటానికి వస్తున్నారట. రాష్ట్రానికి కోట్లు వచ్చే పని అట. దేశానికి విదేశీ మారకం ఎంత అవసరమో అరగంట చెప్పాడు. అవే మాటలు నా పాఠ్యపుస్తకంలోనూ ఉన్నాయి. అభివృద్ధి అనే మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు, కూలి అనే మాట ఒక్కసారీ అనలేదు.

వినేవాళ్లు కదలకపోయేసరికి ఆయన రాజక్క ఇంటికి వచ్చాడు. వీధి మొదట్లోనే ఉన్న ఇల్లు అది. వచ్చినవాళ్లు ముందు చూసేది అదే.

"ఒక్క గంట మగ్గం ఆడించు చాలు, అమ్మా. మీ సమ్మె మీరు తర్వాత చేసుకోండి," అని జేబులోంచి ఒక కాగితం తీశాడు. "నీ భర్త సంగతి విన్న. క్షయ దవాఖానల మంచానికి లెటర్ ఇది. మూడు నెలలు. మందులు, పాలు, గుడ్డు, అన్నీ ఫ్రీ. ఎల్లుండి మగ్గం ఆడితే ఈ లెటర్ నీది."

"మూడు నెలలా?" అంది రాజక్క.

"మూడు నెలలు."

ఆయన వెళ్లాక ఆమె చూరు కింద కూలబడింది. నేనే అన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ అన్నాను. "ఆడించు అక్కా. ఒక్క గంటే కదా. ఎవరేమీ అనుకోరు."

ఆమె నా ముఖం చూసింది. "పోయిన అమాస నాడు పోశయ్య గూడ ఒక్క గంటనే అనుకున్నడు, సారూ" అంది. అయినా ఆ చూపులో గట్టితనం లేదు. ఆమె ఓడిపోతుందని నాకనిపించింది, ఓడిపోతే తప్పు కాదనీ అనిపించింది.

మంచం మీద నుంచి సారయ్య లేచాడు. తొమ్మిది రోజుల పడకతో ఆయన దగ్గు కాస్త తగ్గింది, ముఖంలో కొంచెం నెత్తురు కనిపిస్తోంది. మెల్లగా మగ్గం దగ్గరికి పోయి రెండు పంజాలూ తీసుకున్నాడు. తెచ్చి మంచం మీద తన తల కింద పెట్టుకుని మళ్లీ పడుకున్నాడు.

"డాక్టర్ పండుకోమన్నడు," అన్నాడు. "ఆ సర్కారాయన లేకున్న పండుకుంటాన గద. వాడంత గలిసి పండుకోబెట్టింది నన్ను. ఆ కాయితం ఎవలికి?"

రాజక్క కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

పదకొండో రోజు మధ్యాహ్నం నాలుగింటికి మూడు కార్లు వచ్చాయి. ముందు పోలీసు వ్యాను. వాడంతా అరుగుల మీద కూర్చుని ఉంది. చప్పుడు లేదు. అంతమంది కూర్చుని అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెన్నడూ చూడలేదు. విదేశీయులు ముగ్గురు దిగారు. ఇద్దరు మగవాళ్లు, తెల్లజుట్టు ఆవిడ ఒకరు. కిషన్ రావు వాళ్లను రాజక్క ఇంట్లోకి తీసుకుపోయాడు. మగ్గం ఖాళీ. పక్కన మంచం మీద సారయ్య కళ్లు తెరిచి పడుకుని ఉన్నాడు. రాజక్క గోడకానుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

ఎందుకు పని జరగడం లేదని ఆవిడ ఇంగ్లిషులో అడిగింది. కిషన్ రావు చెమట తుడుచుకున్నాడు. సమ్మె అని చెబితే ఆయన కోట్లు ఏమవుతాయి? ఇంగ్లిషులోనే నవ్వుతూ జవాబు చెప్పాడు. ఈ రోజు అమావాస్య, చంద్రుడు లేని రోజు, మా నేతగాళ్లకు సంప్రదాయంగా సెలవు.

రెండు రోజుల కింద మా అమావాస్యను విరగ్గొట్టాలని చూసిన సర్కారు, అవసరం పడేసరికి మా అమావాస్యనే తన నోటితో చెప్పింది.

ఆవిడ నోటుబుక్కులో రాసుకుంది. బయటికి వచ్చింది. కారెక్కబోతూ తలెత్తి, తూర్పు వైపు పెంకుల కప్పుల మీదికి చూసింది. నేనూ చూశాను. అందరం చూశాం. ఎండ ఇంకా తగ్గలేదు, తూర్పున తెల్లగా చంద్రుడు. దశమి చంద్రుడు, ఇంచుమించు నిండుగా ఉన్నాడు. ఆవిడ వేలు చూపించి కిషన్ రావును ఏదో అడిగింది. కిషన్ రావు కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

రాజక్క గడప దాటి నా పక్కకు వచ్చింది. "వాళ్ల బాసల చెప్పు, సారూ. యాభై రూపాయల పాఠం ఇయ్యాల చెప్పు."

చెప్పాను. నా ఇంగ్లిషు అంత గొప్పది కాదు. మూడున్నర రూపాయలని చెప్పాను. సారయ్య ఊపిరితిత్తుల సంగతి చెప్పాను. ఈ అమావాస్య కూలి పెరిగేదాకా ఉంటుందని చెప్పాను. ఇంకా చెప్పేవాడినే గానీ వ్యానులో వచ్చిన ఎస్సై నా మెడ పట్టుకున్నాడు. ఆవిడ ఏం రాసుకుందో నాకు తెలియదు. కారెక్కి వెళ్లిపోయింది. వాళ్ల దేశం నుంచి మాకు న్యాయం వస్తుందని మేమెవరం అనుకోలేదు కూడా. నన్ను, రాజక్కను, అడ్డం వచ్చిన జానీ మియాను వ్యానులోకి తోశారు. కిషన్ రావు ఆ లెటర్ను రాజక్క కళ్ల ముందే నాలుగు ముక్కలు చేశాడు.

స్టేషన్లో కేసులు రాసే రైటరు బల్ల ముందు కూర్చుని కాగితం తీశాడు. సర్కారు ఉద్యోగి పనికి అడ్డుపడిన కేసు. పేర్లు రాసుకున్నాడు. కలం ఆపి తేదీ గుర్తురాక గోడకు చూశాడు. అక్కడ క్యాలెండరు లేదు.

"ఇయ్యాల ఏం దినమే?" అన్నాడు రాజక్కతో.

"అమాస," అంది రాజక్క.

ఎస్సై లాఠీతో బల్ల మీద కొట్టాడు. "కిటికీల నుంచి చూడు. చంద్రుడు కనిపిస్తలేడా?"

"కనిపిస్తాండు సారూ. అమాసనే."

ఇంకో దెబ్బ బల్ల మీద పడేలోపు గేటు దగ్గర అలికిడి. సెంట్రీ లోపలికి పరుగెత్తుకొచ్చాడు. కొత్తవాడ కొత్తవాడంతా నడిచి వచ్చింది. నినాదాలు లేవు. పోశయ్య ముందు నడిచి వచ్చి తన పంజా గేటు ముందు నేల మీద పెట్టాడు. ఆయన వెనక ఆయన భార్య పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు పెడుతూనే ఉన్నారు, గేటు ముందు ఇనుము గుట్టయింది. "మా మనుషులను ఇచ్చేదాక పంజాలు మీ కాడనే ఉంచుకోండ్రి. మీరే నేసుకోండ్రి," అన్నాడు పోశయ్య. ఒకప్పుడు మనోడే కదా అడుగుదామన్న పోశయ్య.

గుంపు చివర జానీ మియా తోపుడుబండి. పదకొండుగురు హమాలీలు నెడుతున్నారు, పక్కన రహీమాబీ నడుస్తోంది. ఐదు రోజులుగా ఒక్క బేలు కూడా మోయని ఆ బండి మీద, పరుపులాగా పరిచిన గోనె సంచుల మీద సారయ్య పడుకుని ఉన్నాడు. తల కింద రెండు పంజాలు. బండిని తెచ్చి సరిగ్గా గేటుకు అడ్డంగా నిలిపారు. ఎస్సై బయటికి పోయి దాన్ని తీయమని అరిచాడు.

సారయ్య పడుకునే ఆయన వైపు తల తిప్పాడు. కొంచెం దగ్గాడు, తగ్గేదాకా ఆగాడు. ఆ రోజు ఆగవలసింది ఎస్సైయే.

"డాక్టర్ మూడు నెలలు పండుకోమన్నడు సారూ," అన్నాడు. "ఇంట్లనా ఈడనా అన్నది చెప్పలే."

హమాలీలు బండి చక్రాల కింద రాళ్లు పెట్టారు. ఆడవాళ్లు దాని చుట్టూ నేల మీద కూర్చున్నారు, ఎవరో సంఘం పొయ్యి రాళ్లు కూడా మోసుకొచ్చారు. కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్న రాజక్క రైటరు వైపు తిరిగి, "అమాస అని రాసినవా మరి?" అని అడిగింది.